పెళ్లికొడుకు మడతకత్తి

అంబదాస్ కత్తి కొన్నాడన్న సంగతి ఆ కత్తి సూరత్‌లోని భేస్తాన్ చేరకముందే బస్తీ అంతా పాకింది. పాకించినవాడు అంబదాసే. ఒకరి మీద కసితో కొన్న వస్తువును బీరువాలో దాచుకుంటే కసి తీరుతుందా? పదిమందికీ తెలియాలి. ఆ పదిమందిలో ఒక్కడికి, కనకయ్యకి, తెలిసి ఒళ్లు మండాలి. అందుకని మరమగ్గాల షెడ్డులో పక్క మగ్గం వాడికి చెప్పాడు, చాయ్ బండి దగ్గర చెప్పాడు, మంగలి షాపులో గడ్డం నిండా నురగతో అద్దంలోకి చూస్తూ చెప్పాడు.

"మా శివకృష్ణ పెండ్లికి ఎవని కటారు కోసం ఎవని గడప తొక్కేది లేదు. మా కత్తి మాకొస్తున్నది. కొరియర్‌ల ఉన్నది."

ఈ కటారు గొడవేమిటో ముందు చెప్పాలి. తెలంగాణ నుంచి సూరత్ వచ్చి మగ్గాల మీద బతికే పద్మశాలీల ఇళ్లలో, పెళ్లికొడుకును చేసిన గడియ నుంచి తాళి కట్టేదాకా అతని చేతిలో కటారు ఉండాలి. దాని మొనకు ఒక నిమ్మకాయ గుచ్చాలి. దిష్టి తగలకూడదని, గాలీ ధూళీ సోకకూడదని. తింటున్నా వదలకూడదు, పడుకున్నా వదలకూడదు, చివరికి స్నానానికి వెళ్లినా గోడకు ఆనించుకుని కనిపెట్టుకుని ఉండాలి. భేస్తాన్ బస్తీలో ఉన్నది ఒకటే కటారు. అది కనకయ్యది. వాళ్ల తాత సిరిసిల్ల నుంచి మూటలో కట్టుకుని తెచ్చాడట. ఇత్తడి పిడి, ఎర్ర మఖమలు ఒర. ఎవరి ఇంట్లో పెళ్లైనా వెళ్లి అడిగితే కనకయ్య కాదనడు. పెళ్లయ్యాక పసుపు నీళ్లతో కడిగి, ఆకూ వక్కా జతచేసి అతని గడప మీద పెట్టి రావాలి, అంతే.

ఆరేళ్ల కిందట అంబదాస్ బామ్మర్ది నరేశ్ పెళ్లయింది. విడిది అంబదాస్ ఇంట్లోనే కాబట్టి కటారు కూడా రెండు రోజులు అక్కడే ఉంది. ఇంట్లోవాళ్లు ఒరలో పెట్టి ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకెళ్లి అంబదాస్ కనకయ్య గడప మీద పెట్టి వచ్చాడు. ఆ ఆదివారం సంఘం మీటింగులో కనకయ్య లేచి అందరి ముందూ ఒర లాగాడు. కటారుకు మొన లేదు. గోరంత ముక్క విరిగిపోయి ఉంది.

"నీ ఇంట్ల ఇరిగింది" అన్నాడు కనకయ్య.

అంబదాస్ ఒంటికాలి మీద లేచాడు. సంఘం గదిలో మార్కండేయుడి పటం ముందు పాత చెక్క నాడె ఒకటి పెట్టి ఉంటుంది. మగ్గంలో దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె. ఇప్పటి మగ్గాల్లో చాలావాటికి అది లేకపోయినా, నేతపని చేసేవాడు దాని మీద చెయ్యి వేసి అబద్ధం ఆడడు. అంబదాస్‌ను ఎవరూ ఒట్టు పెట్టమనలేదు. తనే విసవిసా వెళ్లి దాని మీద చెయ్యి వేశాడు.

"ఈ నాడె మీద ఒట్టు. మొన మా ఇంట్ల ఇరగలే. ఇచ్చేటప్పుడే ఇరిగిందిచ్చి మా మీద ఎయ్యాలని చూస్తున్నడు."

మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు. అతను నోటి దురుసు మనిషే గానీ దొంగ ఒట్లు పెట్టే మనిషి కాదు. కనకయ్య మాత్రం అప్పటిదాకా బావా అని పిలిచినవాణ్ని దొంగగా లెక్కేశాడు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే స్థితి వచ్చింది.

కనకయ్య పగ తీర్చుకున్న తీరు చూడండి. ఆ కటారును సాన పట్టిస్తే అరగంటలో కొత్త మొన వచ్చేది. పట్టించలేదు. అదే మొండి కటారును ప్రతి పెళ్లికీ ఇస్తూ వచ్చాడు. మొన లేని కటారుకు నిమ్మకాయ నిలవదు, దారంతో కట్టాలి. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒక చుట్టం అడుగుతాడు, నిమ్మకాయను గుచ్చకుండా కట్టారేమిటి అని. ఎవరో ఒకరు చెబుతారు. ఆరేళ్లలో బస్తీలో ఎన్ని పెళ్లిళ్లయితే అన్నిసార్లు అంబదాస్ పరువు పందిట్లో పడింది. బస్తీలో ఇద్దరు అంబదాసులున్నారు. ఒకడు కిరాణం అంబదాస్. రెండోవాడు మొన అంబదాస్. చాయ్ బండివాడు కూడా అలాగే పిలుస్తాడు, పైగా ముద్దుగా పిలుస్తున్నాననుకుంటాడు.

అటువంటి మనిషి ఇప్పుడు కొడుకు పెళ్లికి ఆ గడప తొక్కి, ఆ కటారు అడిగి, దానికి నిమ్మకాయ దారంతో కట్టి నిలబడతాడా? చచ్చినా నిలబడడు. శివకృష్ణ ఫోన్‌లో చూపించిన కత్తుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని వేలుపెట్టి చూపించాడు.

అది తొమ్మిది రోజులకు వచ్చింది. మడిస్తేనే అంబదాస్ అరచేతిని దాటి పోయింది. విప్పితే మోచేతికి నాలుగు వేళ్లు తక్కువ. పిడీ నలుపే, అలుగూ నలుపే. జేబుకు తగిలించుకోవడానికి పక్కన ఒక ఇనప పట్టీ. వెన్ను మీది చిన్న మీటను బొటనవేలితో నెడితే టక్కున తెరుచుకుని బిగుసుకుపోతుంది.

"ట్యాక్టికల్ అంట పప్పా" అన్నాడు శివకృష్ణ, డబ్బా మీది రాతలు చదువుతూ. ఇరవై నాలుగేళ్లవాడు, ఎంబ్రాయిడరీ యూనిట్లో కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తాడు. "ఫౌజీలు వాడ్తరంట. జంగల్‌ల బత్కనీకి పనికొస్తదంట."

"మనకు బస్తీల బత్కనీకి పనికొస్తె చాలు" అన్నాడు అంబదాస్.

పనికి రాలేదు. ఆ సంగతి కత్తి యజమానికి మూడు రోజుల్లోనే తెలిసిపోయింది. జేబులో పెట్టుకుంటే ప్యాంటు ఆ పక్కకు జారింది. పట్టీ తగిలిస్తే జేబు అంచు చిరిగింది. వంటింట్లో ఇస్తే పద్మారాణి ఒక ఉల్లిగడ్డ మీద పెట్టి నొక్కి, రెండు చెక్కలైన గడ్డను మొగుడికి చూపించింది. "ఇది కోస్తలేదయ్యా, కట్టెను పలగ్గొట్టినట్టు పలగ్గొడుతున్నది" అని పక్కన పెట్టేసింది. అలుగు వెన్ను అంత మందం మరి. షెడ్డుకు తీసుకెళ్లి తాకా, అంటే బట్ట తాను, కొనలు కత్తిరించి చూపిద్దామనుకుంటే, నేసిన బట్ట అంచు దగ్గర పోగులు లేచిపోయాయి. సేఠ్ దూరం నుంచి చూసి, రేపటి నుంచి ఇది ఇంట్లో పెట్టి రమ్మని చేత్తో సైగ చేశాడు. మడవడం ఇంకో నరకం. లోపలి రేకును బొటనవేలితో పక్కకు నొక్కిపట్టి, అలుగు వచ్చే దారిలో మిగతా వేళ్లు లేకుండా చూసుకుని మడవాలి. రెండో రోజే అంబదాస్ చూపుడువేలు దాని దారిలో ఉండిపోయింది. రక్తం చూసినవాళ్లకు మగ్గం కోసిందని చెప్పాడు.

ఇంట్లో తిట్టాడు, బయట పొగిడాడు. ఎవరైనా కనబడితే చాలు, జేబులోంచి తీసి టక్కుమనిపించేవాడు. ఫౌజీల కత్తి అన్నాడు, జర్మనీ ఇనుము అన్నాడు. డబ్బా మీద ఆ మాట ఎక్కడా లేదు. ఆ కత్తిని అతను నిజంగా అసహ్యించుకున్నాడు. కానీ కనకయ్యను అంతకంటే ఎక్కువ అసహ్యించుకున్నాడు కాబట్టి దాన్ని భరించాడు.

ఒక్క మొన మాత్రం అతనికి నచ్చింది. ఒళ్లంతా మొద్దుగా ఉన్న ఆ కత్తి కొసకు వచ్చేసరికి సూదిలా సన్నబడింది. నిమ్మకాయ పెట్టి చూస్తే నొక్కకుండానే దిగింది, ఊపినా జారలేదు. అంబదాస్‌కు కావలసింది అదే. దారం లేకుండా నిలబడే నిమ్మకాయ.

కొన్న దగ్గర్నుంచి శివకృష్ణ ఫోన్‌కు మెసేజీలు. మీరు కొన్న వస్తువు ఎలా ఉంది, మీ అభిప్రాయం రాయండి, స్టార్లు ఇవ్వండి అని. "పెండ్లి కానియ్, అప్పుడు చెప్త" అన్నాడు అంబదాస్.

పెళ్లికి ముందటి ఆదివారం సంఘం మీటింగులో అతను చేసిన పని ఎవరూ చేయమనలేదు. ఆరేళ్ల కిందటి ఒట్టు కూడా ఎవరూ అడిగింది కాదు. ఆ మనిషి తత్వమే అంత. పెద్దమనిషి సోమలింగం మిగతా విషయాలన్నీ ముగించి చాపలు ఎత్తమంటుండగా లేచి నిలబడ్డాడు. కత్తి తీసి టక్కుమనిపించాడు. వెనక వరుసలో పిల్లలెవరో ఈల వేశారు.

"అందరు చూడుండ్రి. మొన చూడుండ్రి. గురువారం నా కొడుకు పెండ్లి. పెండ్లయినంక వచ్చే ఆదివారం ఇదే కత్తి ఇక్కడికే తెస్త. మొన ఇట్లనే ఉంటది. నా ఇంటికొచ్చిన వస్తువు ఎట్లొస్తదో అట్లనే పోతది. అప్పుడు కనకయ్య ఆరేండ్ల కింద అన్న మాట ఈడనే, ఈ నాడె ముంగటనే, వాపసు తీస్కోవాలె."

కనకయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మాట నెమ్మది. నెమ్మదిగా అన్న మాటే ఎక్కువ మండుతుంది.

"తీస్కుంట. మొన ఉంటె తీస్కుంట. లేకుంటె?"

"లేకుంటె నా ఒట్టు అబద్దమని నేనే ఒప్పుకుంట."

"రాస్కో సోమలింగం" అన్నాడు కనకయ్య. సోమలింగం రాసుకోలేదు గానీ, అక్కడున్న నలభై మందీ విన్నారు.

పద్మారాణి ఆ సాయంత్రం తల పట్టుకుంది. "పెండ్లి పెట్టుకోని పందాలు పెట్టుకుంటరా ఎవరన్న? ఆయన కటారు ఆయన ఇస్తడు, అడిగితె కాదనడు. ఒక్క మాట అడిగితె నీ నోరు అరుగుతదా?"

"అరుగుతది" అన్నాడు అంబదాస్.

గురువారం వచ్చింది. భేస్తాన్ స్టేషన్ దగ్గరి హాల్లో పెళ్లి. పదకొండున్నరకు ముహూర్తం. ఆడపెళ్లివారు కామ్‌రేజ్ నుంచి రావాలి. హైవే మీద ఎక్కడో లారీ అడ్డంగా ఆగిందని, గంటసేపు కదల్లేమని పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. పెళ్లికొడుకును వేదిక పక్కన పెద్ద నగిషీ కుర్చీలో కూర్చోబెట్టారు. బాసికం, పట్టు పంచె, చేతిలో నల్లకత్తి, కత్తి మొనకు నిమ్మకాయ. దారం లేదు. అంబదాస్ హాలు గుమ్మం నుంచి వేదిక దాకా పదిసార్లు నడిచి పదిసార్లూ ఆ నిమ్మకాయను చూసుకున్నాడు.

కనకయ్య వచ్చాడు. సంఘం పెళ్లికి పగవాడైనా రావాలి, అది పద్ధతి. ముందు వరుసలో, పెళ్లికొడుకుకు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కవాడితో, అంబదాస్‌కు వినబడేంత గొంతుతో అన్నాడు, "మడత పెట్టే కత్తిని కటారు అంటున్నరు ఇప్పుడు. కాలం మారింది."

అంబదాస్ పళ్లు నూరి ఊరుకున్నాడు. తాళి పడేదాకా నోరు తెరవనని పొద్దున్నే పెళ్లానికి మాటిచ్చాడు.

ముప్పావు గంట గడిచింది. నిమ్మకాయ మొన చుట్టూ నల్లబడింది. ఆ నల్లరంగు పూత పులుపుకు తట్టుకోలేదు కాబోలు. పద్మారాణి చూసి, నల్లబడ్డ నిమ్మకాయ మంచిది కాదని ఊడదీసుకుని, తాజాది తేవడానికి వంటవాళ్ల వైపు వెళ్లింది. శివకృష్ణ చేతిలో కత్తి ఖాళీగా మిగిలింది. పొద్దుటినుంచీ దాన్ని మోసి మోసి చెయ్యి గుంజుతోందేమో, దాని కొసను కుర్చీ చేతి మీద ఆనించాడు. అక్కడ ఒక ఇత్తడి స్క్రూ ఉంది. మొనను ఆ స్క్రూ గాడిలో పెట్టాడు. ఊరికే, పనిలేని చేతికి పని చెప్పినట్టు, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పాడు. తర్వాత బలంగా తిప్పాడు.

టిక్కుమంది. చిన్న చప్పుడు. వేదిక పక్కన స్తంభం దగ్గర నిలబడ్డ అంబదాస్‌కు ఆ చప్పుడు వినబడింది, స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

మొన విరిగినందుకు కాదు. కొడుకు చేసిన పని చూసి. చేతిలోని కొత్త కత్తి విరిగితే ఎవడైనా ఉలిక్కిపడతాడు, అయ్యో అంటాడు, అమ్మనో నాన్ననో పిలుస్తాడు. శివకృష్ణ ఉలిక్కిపడలేదు. చెయ్యి కదపకుండా ముందు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా గమనించారా అని. గోరంత ఇనుప ముక్కను వేలితో తీసి పంచె రొంటిన దోపుకున్నాడు. తల్లి నిమ్మకాయ తెచ్చేసరికి తనే అందుకుని, విరిగిన కొస కనబడకుండా లోపలికంటా నొక్కేశాడు. మొదటిసారి చేసే మనిషికి అంత ఒడుపు రాదు.

అప్పుడు అంబదాస్‌కు కూలర్ గుర్తొచ్చింది.

నరేశ్ పెళ్లి మే నెలలో జరిగింది. ఇంటినిండా చుట్టాలు, కూలర్ ఆగిపోయింది. పెళ్లైన సాయంత్రం పద్దెనిమిదేళ్ల శివకృష్ణ ఒక్కడే గదిలోకి వెళ్లి, వెనక రేకు స్క్రూలు విప్పి, ఏదో తీగ కలిపి ఫ్యాన్ తిప్పాడు. స్క్రూడ్రైవర్ ఎక్కడిదిరా అంటే దోస్తు దగ్గర తెచ్చిన అన్నాడు. ఆ స్క్రూడ్రైవర్‌ను మాత్రం ఎవరూ చూడలేదు. అంబదాస్ ఆనందం పట్టలేక బస్తీ అంతా చెప్పుకున్నాడు, నా కొడుకు బుర్ర చూడండి అని. ఆ మర్నాడు కటారును పసుపు నీళ్లతో కడిగి ఒరలో పెట్టి ఇచ్చింది వాడే. నాలుగు రోజుల తర్వాత తండ్రి నాడె మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతుంటే, వెనక వరుసలో కూర్చుని చూసిందీ వాడే. ఆరేళ్లు. మొన అంబదాస్ అని పిల్లలు వెంటపడుతుంటే, ఎవనిదో తప్పుకు నేను పడుతున్నానని తండ్రి అన్నం ముందు కూర్చుని తిడుతుంటే, వాడు పప్పులో కారం తక్కువైందని తల్లికి చెబుతూ తిన్నాడు.

బ్యాండు మోగింది. ఆడపెళ్లివారు దిగారు. అంబదాస్ గుమ్మం వైపు నడిచి వియ్యంకుడికి ఎదురెళ్లాడు, నవ్వాడు, ఆలింగనం చేసుకున్నాడు. తాళి కట్టే వేళ కొడుకు నెత్తిన అక్షింతలు వేశాడు. గుప్పెడంతా ఒక్కసారే, విసురుగా వేశాడు. కన్నతండ్రి కదా, సంతోషం ఆపుకోలేకపోతున్నాడనుకున్నారు చూసినవాళ్లు. అతనికి ఆ క్షణంలో కొడుకు చెంప పగలగొట్టాలని ఉంది.

ఆ రాత్రీ, మర్నాడూ, ఆ మర్నాడూ అతను కొడుకుతో ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో కొత్త కోడలు నీరజ ఉంది. కామ్‌రేజ్‌లో డిగ్రీ చదివిన పిల్ల, నెమ్మదస్తురాలు. వచ్చిన మూడు రోజుల్లోనే మామా మామా అంటూ చాయ్ తెచ్చి ఇస్తోంది. ఆ పిల్ల ముందు వాడి బండారం ఎలా బయటపెడతాడు? ఇంకో కత్తి తెప్పిద్దామంటే తొమ్మిది రోజులు పడుతుంది. ఆదివారానికి మూడే రోజులు.

శనివారం సాయంత్రం శివకృష్ణే వచ్చాడు. "పప్పా, ఆ కత్తి మొన జర ఇరిగింది. పెండ్లిల ఎవరో తగిలిచ్చిండ్రు. చైనా మాల్ అది. రేపు మీటింగ్‌కు పోకుర్రి, తబియత్ ఖరాబ్ ఉన్నదని నేను చెప్పి పంపిస్త" అన్నాడు. చెప్పేటప్పుడు వాడి కళ్లలో తడబాటు లేదు. దాంతో తండ్రి మనసులో మిగిలిన కొంచెం అనుమానం కూడా పోయింది.

"ఎవరో తగిలిచ్చిండ్రా?" అన్నాడు అంబదాస్.

"అవు. అంత మందిల ఎవరని చూస్తం?"

"నిజమే" అన్నాడు అంబదాస్.

ఆదివారం పద్మారాణి వద్దన్నా వెళ్లాడు. శివకృష్ణ తలనొప్పి అని రాలేదు. ఆ రోజు సంఘం గదిలో చాపలు చాలలేదు. మామూలుగా మీటింగుకు మొహం చూపించనివాళ్లు కూడా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. సోమలింగం మొదలుపెట్టకముందే అంబదాస్ లేచి, కత్తి తీసి, విప్పి నాడె పక్కన పెట్టాడు. ఈసారి టక్కుమన్నా ఎవరూ ఈల వేయలేదు. మొన లేని నల్లకత్తిని ముందు వరుసవాళ్లు చూశారు, వెనకవాళ్లు మెడలు చాచారు. ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

అంబదాస్ నాడె మీద చెయ్యి వేశాడు.

"అప్పుడు నేను పెట్టిన ఒట్టు అబద్దం. కటారు మొన మా ఇంట్లనే ఇరిగింది."

"ఎవరు ఇరిచిండ్రు?" అడిగాడు సోమలింగం. పెద్దమనిషి కాబట్టి అడగాలి.

అంబదాస్ చెయ్యి ఇంకా నాడె మీదే ఉంది. నున్నగా అరిగిన చెక్క, కొసలకు ఇనుప ముళ్లు. "నేనే. ఇదీ నేనే, అదీ నేనే" అన్నాడు.

"చెయ్యి తియ్యి."

ఆ మాట అన్నది కనకయ్య. లేచి నిలబడ్డాడు, ఈసారి గోడకు ఆనుకోలేదు.

"అప్పుడు తెల్వక అబద్దమాడినవ్. ఇప్పుడు తెల్సి ఆడుతున్నవ్. ముందల ఆ నాడె మీదికెళ్లి చెయ్యి తియ్యి."

అంబదాస్ చెయ్యి తీశాడు.

కనకయ్య దగ్గరికి వచ్చాడు. మిగతావాళ్లకు వినబడనంత మెల్లగా అన్నాడు. "పెండ్లిల ముందల వరుసల కూసున్నది నేను. కుర్సీ స్క్రూ నేను గూడ చూసిన."

ఆరేళ్లుగా నోటికి రాని మాట అంబదాస్ నోట్లోంచి వచ్చింది. "బావా..."

"బావ అనకు" అన్నాడు కనకయ్య. "నేను చెప్పనుతియ్. మంచితనం అనుకుంటున్నవా? ఆరేండ్లు నన్ను దొంగను చేసినవ్, ఇరిగిన కటారు ఇచ్చినోడన్నవ్. అసలు దొంగ నీ ఇంట్లనే ఉన్నడు. రోజు పొద్దుగాల లేచి వాని మొఖం చూస్కుంట బత్కు." అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సోమలింగం విషయం ముగిసిందన్నాడు. జనం నిరుత్సాహపడ్డారు, ఇంకా ఏదో జరుగుతుందనుకుని వచ్చారు మరి.

అంబదాస్ మడతకత్తిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే ప్యాంటు ఒక పక్కకు జారింది. దాన్ని పైకి లాక్కుంటూ ఇంటికి నడిచాడు. దారిలో చాయ్ బండివాడు పలకరించాడు, ఏం పేరు పెట్టి పిలిచాడో అతనికి వినబడలేదు.

ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర నీరజ నేల మీద కూర్చుని చిన్న కత్తితో ఉల్లిగడ్డలు తరుగుతోంది. శివకృష్ణ మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్ చూస్తున్నాడు. తలనొప్పి తగ్గినట్టుంది. తండ్రిని చూసి లేచి కూర్చున్నాడు.

"ఏమైంది పప్పా? లొల్లి చేసిండా ఆ ముసలోడు?"

అంబదాస్ కత్తి తీసి మంచం మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని కొడుకుకు ఎదురుగా కూర్చున్నాడు.

"టెన్షన్ తీస్కోకుర్రి" అన్నాడు శివకృష్ణ. "ఇగో, మల్ల మెసేజ్ వచ్చింది. కత్తి ఎట్లున్నదని అడుగుతుండ్రు. మొన కమ్‌జోర్ ఉన్నది, దానంతటదే ఇరిగింది అని రాస్త. ఫోటో పెడ్త. పైసల్ వాపస్ ఇస్తరు."

"రాయి" అన్నాడు అంబదాస్. "నేను చెప్పినట్టు రాయి."

శివకృష్ణ బొటనవేళ్లు ఫోన్ మీద సిద్ధంగా పెట్టాడు.

"కత్తి మంచిదే అని రాయి. మొన గూడ మంచిదే అని రాయి. నిమ్మకాయకు చేసింది గని, కుర్సీ స్క్రూకు చేసింది కాదని రాయి. కూలర్ స్క్రూకు చేసింది అసలే కాదని రాయి."

వేళ్లు ఆగిపోయాయి. గుమ్మం దగ్గర ఉల్లిగడ్డల మీద కత్తి చప్పుడు కూడా ఆగింది. నీరజ తలెత్తి మొగుడి వైపు చూసింది. వాడు మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"ఎన్ని స్టార్లు అని గూడ అడుగుతది గద అది" అన్నాడు అంబదాస్. "అవి నువ్వే ఇయ్యి కొడుకా. నాకేం ఎరుక? రెండు కత్తులు వాడినోనివి నువ్వేనాయె."